డిశ్చార్జి తర్వాతి పన్నెండు వారాలు: కోల్‌కతాలో హృద్రోగ పునరావాసం, సాంకేతిక సహాయం

గుండెపోటు వచ్చిన మనిషికి మూసుకుపోయిన ధమనిని తెరిచి, అందులో స్టెంటు అమర్చి, కొద్ది రోజుల్లోనే ఇంటికి పంపగల నైపుణ్యం నేడు భారతదేశపు పెద్ద నగరాలన్నింటిలోనూ ఉంది. అయితే ఆ ధమని పూడిపోవడానికి కారణమైన పొగాకు, రక్తపోటు, మధుమేహం, కదలిక లేని జీవితం, మనసులోని దిగులు రోగితోపాటే ఆసుపత్రిలోకి వచ్చి రోగితోపాటే ఇంటికి తిరిగి వెళతాయి. ఆ తిరుగు ప్రయాణం తర్వాత రోగి తన శరీర శక్తిని, ఉద్యోగాన్ని, సంసారంలోని స్థానాన్ని తిరిగి పొందేలా చేసే క్రమబద్ధమైన కృషికి హృద్రోగ పునరావాసం అని పేరు. వైద్యులు దీన్నే కార్డియాక్ రీహాబిలిటేషన్ అంటారు. వ్యాధి మూలకారణాల మీద పనిచేయడంతోపాటు రోగి తన సొంత ప్రయత్నంతో సమాజంలో సాధ్యమైనంత మామూలు స్థానాన్ని తిరిగి పొందేందుకు అనువైన శారీరక, మానసిక, సామాజిక పరిస్థితులను కల్పించడం కూడా ఇందులో భాగమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1993లో నిర్వచించింది. ఆ నిర్వచనంలో రోగి సొంత ప్రయత్నానికి ఇచ్చిన స్థానాన్ని గమనించాలి. ఎందుకంటే సాంకేతికత ఈ రంగంలోకి వచ్చినప్పుడు మొదట మరుగున పడే విషయం అదే.

గుండెజబ్బు మనిషికి వ్యాయామం చెప్పడం ఒకప్పుడు దుస్సాహసంగా ఉండేది. 18వ శతాబ్దపు ఇంగ్లిషు వైద్యుడు విలియం హెబర్డెన్ ఛాతీనొప్పితో బాధపడే ఒక రోగి రోజూ అరగంటసేపు కట్టెలు కోసి దాదాపు స్వస్థుడయ్యాడని రాసిపెట్టినా ఆ పరిశీలనను ఎవరూ అందుకోలేదు. 1912లో అమెరికా వైద్యుడు జేమ్స్ హెరిక్ గుండెపోటును జీవించి ఉన్న రోగిలో గుర్తించదగిన వ్యాధిగా వర్ణించి సంపూర్ణ విశ్రాంతిని సూచించిన తర్వాత, దెబ్బతిన్న గుండె కండరం మానడానికి పట్టే కాలాన్ని లెక్కవేసి రోగిని ఆరు వారాలదాకా మంచం దిగనివ్వకపోవడం ఆచారమైంది. ఆ ఆచారాన్ని 1952లో శామ్యూల్ లెవిన్, బెర్నార్డ్ లౌన్ అనే ఇద్దరు బోస్టన్ వైద్యులు కదిలించారు. వారు రోగులను తొలి రోజుల్లోనే కుర్చీలో కూర్చోబెట్టి, దానివల్ల నష్టమేమీ లేకపోగా మేలే జరిగిందని చూపించారు. 1966లో డాలస్‌లో ఇరవై ఏళ్ల ఆరోగ్యవంతులైన ఐదుగురు యువకులను మూడు వారాలపాటు మంచం మీదే ఉంచి చేసిన ప్రయోగం విశ్రాంతికి ఉన్న ప్రతిష్ఠను పూర్తిగా దెబ్బతీసింది. తీవ్రశ్రమలో శరీరం గరిష్ఠంగా వాడుకోగల ప్రాణవాయువు పరిమాణం ఆ మూడు వారాల్లో నాలుగో వంతుకు పైగా పడిపోయింది. ముప్ఫై ఏళ్ల తర్వాత అదే ఐదుగురిని తిరిగి పరీక్షిస్తే, ముప్ఫై ఏళ్ల వయసు చేసిన నష్టం కన్నా ఆ మూడు వారాల పడక చేసిన నష్టమే ఎక్కువని తేలింది. మన ఇళ్లలో గుండెజబ్బు మనిషి గ్లాసెడు మంచినీళ్లకు లేచినా నలుగురు పరుగెత్తి కూర్చోబెట్టే ప్రేమకు శాస్త్రం ఎంత వ్యతిరేకంగా ఉందో ఈ ప్రయోగం చెబుతుంది.

నేటి పునరావాసంలో లెక్కకట్టి పెంచుకుంటూ పోయే వ్యాయామం, మందుల క్రమం, ఆహారం, పొగాకు మానడం, దిగులును గుర్తించి చికిత్స చేయడం, తిరిగి పనిలో చేరడానికి సలహా అన్నీ కలిసి ఉంటాయి. సాధారణంగా వారానికి రెండు మూడుసార్ల చొప్పున సుమారు పన్నెండు వారాలు సాగుతుంది. దాని ఫలితం మీద అనుమానాలు పెద్దగా మిగలలేదు. 85 అధ్యయనాలను, 23,430 మంది రోగులను కలిపి 2021లో వెలువడిన కాక్రేన్ సమీక్ష ప్రకారం వ్యాయామ ప్రధానమైన పునరావాసం పొందినవారిలో హృద్రోగ మరణాలు సుమారు 26 శాతం తక్కువ, మళ్లీ గుండెపోటు రావడం, ఆసుపత్రి పాలవడం కూడా తక్కువ. అయితే అన్ని కారణాల మరణాలనూ కలిపి చూస్తే తేడా గణాంకపరంగా స్థిరపడలేదని అదే సమీక్ష ఒప్పుకుంటుంది. ఇంటి దగ్గరే చేయించే పునరావాసం ఆసుపత్రిలో చేయించే దానికి దాదాపు సమానంగా పనిచేస్తుందని మరో కాక్రేన్ సమీక్ష తేల్చింది. కోల్‌కతా వంటి నగరానికి ఈ రెండో మాటే ముఖ్యం.

ఎందుకంటే చికిత్సకు ఇంత బలమైన ఆధారం ఉన్నా దాన్ని అందించే చోట్లు లేవు. ప్రపంచంలోని 203 దేశాల్లో 111 దేశాల్లోనే హృద్రోగ పునరావాసం ఏ రూపంలోనైనా ఉందని, భారతదేశంలో ఏటా 360 మంది గుండె రక్తనాళాల రోగులకు ఒక్కరికి మాత్రమే చోటు దొరుకుతుందని ఒక అంతర్జాతీయ సర్వే లెక్కకట్టింది. ఆ సర్వే అన్ని కేంద్రాలనూ అందుకోలేదని వాదించి 360ని సగానికి తగ్గించినా మిగిలేది ఊరట కలిగించే సంఖ్య కాదు. అవసరం మాత్రం ఇక్కడే ఎక్కువ. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో దక్షిణాసియా వారికి తొలి గుండెపోటు మధ్యస్థంగా 53వ ఏట వస్తే, ఇతర దేశాల వారికి దాదాపు 59వ ఏట వచ్చింది. అంటే పిల్లల చదువులు, పెళ్లిళ్లు ఇంకా తేలని వయసులో సంపాదించే మనిషి కూలబడుతున్నాడు. 2008లో ప్రచురితమైన క్రియేట్ అనే జాతీయ నమోదు అధ్యయనంలో నొప్పి మొదలైనప్పటి నుంచి ఆసుపత్రి చేరేదాకా పట్టిన కాలం మధ్యస్థంగా ఆరు గంటలు. ఛాతీలో బరువును కోల్‌కతాలో ‘గ్యాస్-అంబల్’ అనీ, మన ఊళ్లలో గ్యాస్ నొప్పి అనీ సరిపెట్టుకుని మాత్ర మింగి పడుకునే అలవాటుకు ఆ ఆరు గంటల్లో కొంత వాటా ఉండే ఉంటుంది. ఆలస్యంగా వచ్చిన వారి గుండె కండరం ఎక్కువగా దెబ్బతింటుంది గనుక వారికి పునరావాసం అవసరమూ అంత ఎక్కువే.

కోల్‌కతా హృద్రోగ చికిత్సలో వెనకబడిన నగరం కాదు. 1835లో వైద్య కళాశాల ఏర్పడిన ఈ నగరంలో పి.జి. ఆసుపత్రిగా జనం పిలుచుకునే ఎస్.ఎస్.కె.ఎం. ఆసుపత్రి, 1989లో మొదలైన బి.ఎం. బిర్లా గుండె పరిశోధన కేంద్రం, 2000లో ముకుందపూర్‌లో దేవి శెట్టి ఆధ్వర్యంలో వచ్చిన రవీంద్రనాథ్ ఠాగూర్ పేరిటి అంతర్జాతీయ హృద్రోగ సంస్థ ఒక్క నగరానికే కాక ఉత్తర బెంగాల్‌కు, జార్ఖండ్‌కు, ఈశాన్య రాష్ట్రాలకు, బంగ్లాదేశ్‌కు కూడా పెద్ద దిక్కుగా నిలిచాయి. ఇబ్బందీ ఇక్కడే పుడుతుంది. మూడు వందల కిలోమీటర్ల అవతలి నుంచి వచ్చి స్టెంటు వేయించుకుని రైలెక్కి వెళ్లిపోయే మనిషి వారానికి మూడు రోజులు వ్యాయామశాలకు ఎలా వస్తాడు? నగరంలోనే ఉన్నా, టీటాగఢ్, భాట్‌పాడా జనపనార మిల్లుల కార్మికుడికి ముప్ఫై ఆరు సార్లు ముకుందపూర్ రావడమంటే ముప్ఫై ఆరు రోజుల కూలి పోవడమే. ఆ మిల్లుల్లో ఒకప్పుడు గంజాం, శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి వలస వెళ్లిన తెలుగువారి సంతతి ఇప్పటికీ ఉంది. రైల్వే పని కోసం స్థిరపడిన ఖరగ్‌పూర్ తెలుగువారి సంఖ్యాబలం కారణంగానే 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇచ్చింది. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, ఆసుపత్రిలో బెంగాలీ, మందుల చీటీలో ఇంగ్లిషు నడిచే ఇలాంటి కుటుంబానికి డిశ్చార్జి కాగితంలోని సలహాలు ఏ మేరకు చేరతాయన్నది పునరావాసపు మొదటి ప్రశ్న.

దూరాన్ని జయించడానికి ఈ ప్రాంతంలో సాంకేతిక ప్రయత్నాలు తక్కువేమీ జరగలేదు. ఈ శతాబ్ది తొలి ఏళ్లలోనే సిలిగురి జిల్లా ఆసుపత్రిలోని, బాంకురా సమ్మిళని వైద్య కళాశాలలోని గుండె విభాగాలను కోల్‌కతాలోని ఠాగూర్ సంస్థతో దూరవైద్యం ద్వారా కలిపారు. అక్కడి రోగి ఈసీజీని ఇక్కడి నిపుణుడు చూసి చికిత్స చెప్పే ఏర్పాటు అది. అంతకు కొంచెం ముందు, 2000లో, చిత్తూరు జిల్లా అరగొండలో అపోలో సంస్థ నెలకొల్పిన గ్రామీణ దూరవైద్య కేంద్రం దేశమంతటా పేరు పొందింది. 2020 మార్చిలో కేంద్రం దూరవైద్య మార్గదర్శకాలను ప్రకటించింది; ఈ-సంజీవని వేదిక విస్తరించింది; 2021 ఆగస్టులో బెంగాల్ ప్రభుత్వం ‘స్వాస్థ్య ఇంగిత్’ పేరుతో సొంత దూరవైద్య పథకాన్ని ఆరంభించింది. గుండెజబ్బు విషయంలో ఈ ఏర్పాట్ల చూపు ఎక్కువగా తొలి గంటల మీద, లేదా ఒక్కో సంప్రదింపు మీద నిలిచింది. ప్రాణం నిలబెట్టే గంటకు ఉపగ్రహాన్ని వాడగలిగిన వ్యవస్థ, నిలబడిన ప్రాణాన్ని పన్నెండు వారాలు నడిపించడానికి మామూలు ఫోనును కూడా క్రమంగా వాడలేదు. తెలుగునాట కూడా ఇందుకు పోలిక ఉంది. హృద్రోగ నిపుణుడు సోమరాజు, శాస్త్రవేత్త అబ్దుల్ కలాం కలిసి 1990లలో తక్కువ ఖర్చు స్టెంటును, 2012లో గ్రామీణ ఆరోగ్య కార్యకర్తల కోసం టాబ్లెట్ కంప్యూటరును రూపొందించారు. స్టెంటుకు దొరికిన కీర్తిలో పదో వంతు కూడా ఆ టాబ్లెట్‌కు దక్కలేదు.

పరికరాల సంగతి చూస్తే, గుండె సమాచారాన్ని దూరానికి పంపాలన్న ఆలోచన ఈసీజీ యంత్రం పుట్టినప్పుడే పుట్టింది. నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో విల్లెమ్ ఐంటోవెన్ నిర్మించిన తొలి యంత్రం గదంతా ఆక్రమించేంత పెద్దది కావడంతో రోగిని దాని దగ్గరకు తేలేక, ఒకటిన్నర కిలోమీటరు దూరంలోని ఆసుపత్రి నుంచి టెలిఫోను తీగ ద్వారా గుండె విద్యుత్ సంకేతాలను ప్రయోగశాలకు రప్పించాడు. ఆ పద్ధతిని 1906లో ప్రచురించాడు. అమెరికాలోని మోంటానాకు చెందిన నార్మన్ హోల్టర్ మొదట దాదాపు 38 కిలోల బరువును వీపున మోసుకు తిరుగుతూ నమోదు చేసిన గుండె లయ, 1961 నాటికి జేబులో ఇమిడే పరికరానికి దిగింది. నేడు మణికట్టు గడియారం వెనక ఆకుపచ్చ కాంతి చర్మంలోకి ప్రసరించి, ప్రతి స్పందనకూ రక్తం పొంగి తగ్గినప్పుడు తిరిగివచ్చే కాంతిలోని మార్పును లెక్కగట్టి నాడి వేగాన్ని చెబుతుంది. ఈ పద్ధతి చవక, సులువు. కానీ హృద్రోగి విషయంలో దాని పరిమితులు తెలియకుండా వాడటం ప్రమాదం. చెయ్యి కదిలినప్పుడు, పట్టీ వదులైనప్పుడు, చెమట పట్టినప్పుడు లెక్క తప్పవచ్చు. గుండె పై గదులు లయ తప్పి కొట్టుకునే ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో కొన్ని స్పందనలు మణికట్టుదాకా చేరనే చేరవు గనుక గడియారం చూపే అంకె అసలు వేగం కన్నా తక్కువగా ఉండవచ్చు.

అంతకన్నా లోతైన చిక్కు మరొకటి ఉంది. గుండెపోటు తర్వాత చాలామందికి ఇచ్చే బీటా బ్లాకర్ అనే మందు పని గుండె వేగాన్ని అదుపులో పెట్టడమే. కాబట్టి 220 నుంచి వయసును తీసివేసి అందులో ఇంత శాతం చేరేదాకా నడవాలనే వ్యాయామశాల సూత్రం ఈ రోగికి వర్తించదు. ఆ సూత్రంతో తయారైన యాప్, అలసిపోయిన రోగిని ఇంకా వేగంగా నడవమని ఉత్సాహపరుస్తుంది. దీనికి విరుగుడు విద్యుత్తుతో పనిలేని కొలమానం. స్వీడన్ మనస్తత్వ శాస్త్రవేత్త గున్నార్ బోర్గ్ రూపొందించిన శ్రమ పట్టికలో రోగి తనకు కలిగే ఆయాసాన్ని 6 నుంచి 20 దాకా ఉన్న అంకెలలో తానే చెబుతాడు. మొదటి వారాల్లో 11, 13 మధ్య, అంటే తేలికకూ కొంచెం కష్టానికీ నడుమ, ఉండటం సురక్షితమని భావిస్తారు. చదువురాని రోగికి ఇంకా తేలికైన మార్గం మాట పరీక్ష: నడుస్తూ పక్కవారితో మాట్లాడగలగాలి, పాట పాడగలిగితే వేగం చాలలేదని, మాట తెగితే ఎక్కువైందని అర్థం. కబుర్లను కళగా సాగదీసే నగరంలో ఈ పరీక్షకు సాధన కొదవ లేదు. ఆరు నిమిషాల్లో సమతలం మీద ఎంత దూరం నడవగలడో కొలిచే పరీక్షను ఒక ఫిజియోథెరపిస్టు డిశ్చార్జి రోజున ఆసుపత్రి వరండాలో చేయిస్తే, అదే ఇంటి వ్యాయామానికి తొలి మైలురాయి అవుతుంది. తర్వాత ఫోను చేయాల్సింది అంకెలను గుర్తుపెట్టుకోవడం, పోల్చడం, తేడా వస్తే చెప్పాల్సిన మనిషికి చెప్పడం.

ఆ మనిషి ఉన్నాడా అన్నదాని మీదే ఫలితం నిలుస్తుందని ఇంతవరకు జరిగిన అధ్యయనాలను పక్కపక్కన పెట్టి చదివితే అనిపిస్తుంది. ఆస్ట్రేలియాలో సిడ్నీ ఆసుపత్రి ఒకటి 710 మంది హృద్రోగులలో సగం మందికి ఆరు నెలలపాటు వారానికి నాలుగు చొప్పున ఫోను సందేశాలు పంపి చూసింది. సందేశాలు అందుకున్నవారిలో పై రక్తపోటు 128, అందుకోనివారిలో 136. పొగతాగేవారు 26 శాతం, 43 శాతం. 2015లో ఈ ఫలితాలు వెలువడినప్పుడు ఇంత చవకైన మందు మరొకటి లేదన్న సంబరం కలిగింది. అయితే తర్వాత అదే దేశంలో 1,424 మందితో మరిన్ని ఆసుపత్రుల్లో చేసిన అధ్యయనంలో, మందులు క్రమంగా వాడే విషయంలో సందేశాల వల్ల చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. క్వీన్స్‌లాండ్‌లో 120 మందితో జరిగిన మరో ప్రయోగంలో ఫోను ద్వారా ఇంటి దగ్గరే పునరావాసం పొందినవారిలో 80 శాతం మంది దాన్ని పూర్తిచేస్తే, కేంద్రానికి రావలసినవారిలో 47 శాతం మందే పూర్తిచేశారు. అక్కడ ఫోను ఒంటరిగా లేదు, ప్రతి వారం ఒక శిక్షకురాలో శిక్షకుడో రోగితో మాట్లాడేవారు.

మన దేశపు అనుభవం ఇంకా సూటిగా ఉంది. పశ్చిమ గోదావరి జిల్లాలో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో ఆశా కార్యకర్తలకు టాబ్లెట్లిచ్చి, గుండెజబ్బు ముప్పు ఎక్కువగా ఉన్నవారిని గుర్తించి డాక్టరు దగ్గరకు పంపే ఏర్పాటు చేశారు. గుర్తించడం జరిగింది, రక్తపోటు అదుపులో మాత్రం ఆశించిన తేడా రాలేదు. హర్యానా, కర్ణాటకల్లోని 40 సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో జరిగిన ఎం-వెల్‌కేర్ అధ్యయనంలో నర్సు చేతికి నిర్ణయ సహాయక టాబ్లెట్ ఇచ్చిన చోటా, శిక్షణ పొందిన నర్సు మాత్రమే ఉన్న చోటా రోగుల రక్తపోటు తగ్గింది. రెండింటి మధ్య తేడా లేదు. దీన్ని సాంకేతికత ఓటమిగా కాక నర్సు గెలుపుగా చదవడమే న్యాయం. బెంగళూరు సెయింట్ జాన్స్ పరిశోధకులు దేశంలోని 14 ఆసుపత్రుల్లో 806 మంది గుండెపోటు రోగులతో చేసిన స్ప్రెడ్ అధ్యయనంలో యంత్రం లేదు. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్త ఆసుపత్రిలో నాలుగుసార్లు, ఇంటి దగ్గర రెండుసార్లు కలిసి మందుల డైరీ, ఆహారం, అలవాట్లు మాట్లాడేవారు. ఏడాది తర్వాత మందులు క్రమంగా వాడేవారు 97 శాతం, మిగతా వారిలో 92 శాతం. ఆసుపత్రి నీడలో ఉన్న ఈ రోగులను వదిలి మొత్తం సమాజాన్ని చూస్తే, 2011లో వెలువడిన ప్యూర్ అధ్యయనంలో అల్పాదాయ దేశాల హృద్రోగులలో 80 శాతం మంది నివారణ మందుల్లో ఒక్కటి కూడా వాడటం లేదు. ఆ 80 శాతం మందికి గుండె లయను అనుక్షణం చదివే గడియారం కన్నా, ఆస్పిరిన్, స్టాటిన్ పట్టీ అయిపోయే వారం ముందు మోగే ఫోను, ఆ ఫోను వెనక మందు తెచ్చిపెట్టే మనిషి ఎక్కువ మేలు చేస్తారు.

ఆసుపత్రిలో నిపుణుడి చేతిలో ఉన్న చికిత్సను ఇంటివారి చేతికి అప్పగించడంలో కోల్‌కతా ఒకసారి ప్రపంచానికే దారి చూపింది. 1971లో తూర్పు బెంగాల్ నుంచి లక్షలాది శరణార్థులు సరిహద్దు దాటి వచ్చినప్పుడు బన్‌గావ్ శిబిరాల్లో కలరా చెలరేగింది. నరానికి ఎక్కించే సెలైను చాలలేదు, ఎక్కించే సిబ్బంది అంతకన్నా చాలలేదు. కలకత్తాలోని జాన్స్ హాప్‌కిన్స్ వైద్య పరిశోధన కేంద్రంలో పనిచేస్తున్న దిలీప్ మహలనబీస్, గ్లూకోజు, ఉప్పు, బేకింగ్ సోడాలను కొలిచి పొట్లాలు కట్టించి, నీళ్లలో కలిపి డ్రముల్లో నింపి, రోగుల తల్లులకు, అన్నదమ్ములకు గ్లాసులిచ్చి తాగించమన్నాడు. ముప్ఫై శాతం దాకా ఉన్న మరణాలు ఆయన బృందం చూసిన రోగులలో 3.6 శాతానికి దిగాయి. ద్రావణపు శాస్త్రం అంతకు ముందే తెలుసు. కలరా విషాన్ని 1959లో కనుగొన్న శంభునాథ్ డే కూడా ఈ నగరంవాడే. బన్‌గావ్‌లో కొత్తది ద్రావణం కాదు, శిక్షణ లేని చేతుల మీద ఉంచిన నమ్మకం, ఆ నమ్మకానికి తగినట్టుగా పద్ధతిని సులువు చేసిన తీరు. వైద్యలోకం ఆ నమ్మకాన్ని వెంటనే ఆమోదించలేదు. మహలనబీస్‌కు పద్మవిభూషణ్ ఆయన మరణం తర్వాత 2023లో వచ్చింది.

కలరా మూడు రోజుల జబ్బు, గుండెజబ్బు ముప్ఫై ఏళ్ల జబ్బు. ఒకదాని పాఠం రెండోదానికి యథాతథంగా వర్తించదని ఎవరైనా అనవచ్చు, అది నిజమే. అయినా పునరావాసంలో రోజువారీ పని చేసేది ఎవరని అడిగితే జవాబు మారదు. వంటలో ఉప్పు తగ్గించేది, ఆవనూనె కొలిచి పోసేది, సాయంత్రం మాత్ర గుర్తుచేసేది, ‘ఈ రోజు నడకకు వెళ్లలేదేం’ అని అడిగేది ఇంటిమనిషి. అయినా దాదాపు యాప్‌లన్నీ రోగి ఒక్కడి చేతిలో సొంత స్మార్ట్‌ఫోను ఉందని, అతనికి చదవడం వచ్చని, అతని భాష ఇంగ్లిషో హిందీయో అని ఊహించి తయారవుతాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో, 15 నుంచి 49 ఏళ్ల మహిళలలో ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడినవారు పశ్చిమ బెంగాల్‌లో 25.5 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం, తెలంగాణలో 26.5 శాతం. హృద్రోగ వయసుకు వచ్చిన స్త్రీలు ఆ 49 ఏళ్ల గీతకు అవతల ఉన్నవారు. వారి సంఖ్య ఇంకా తక్కువగా ఉంటుందని ఊహించడానికి పెద్ద ధైర్యం అక్కర్లేదు. భర్తకు గుండెపోటు వస్తే పథ్యం వండేది భార్య. భార్యకు వస్తే వంటా ఆమెదే, పథ్యమూ ఆమెదే. కాబట్టి కోల్‌కతాకు తగిన పునరావాస సాంకేతికత మాటను ఆశ్రయించాలి, రాతను కాదు. మామూలు ఫోనుకు నిర్ణీత సమయంలో వచ్చి, కోరిన భాషలో మాట్లాడి, ‘ఈ రోజు నడిచారా, ఆయాసం వచ్చిందా, కాళ్లు వాచాయా’ అని అడిగి, ఒకటి రెండు మీటలతో జవాబు తీసుకునే ఐవీఆర్ పద్ధతి బ్యాంకులకు, గ్యాసు బుకింగుకు ఎప్పటినుంచో ఉంది. అది రెండు నంబర్లకు మోగాలి: ఒకటి రోగిది, ఒకటి ఇంట్లో బాధ్యత తీసుకున్న వారిది.

వ్యాయామం ఏది, ఎక్కడ అన్నదాంట్లోనూ స్థానిక బుద్ధి కావాలి. పాశ్చాత్య కేంద్రాల ట్రెడ్‌మిల్ ఇక్కడ అందరికీ అందదు. యోగాను పునరావాసంగా మలచి దేశంలోని 24 ఆసుపత్రుల్లో 3,959 మంది గుండెపోటు రోగులతో చేసిన యోగా-కేర్ అధ్యయనం 2020లో ప్రచురితమైంది. పన్నెండు వారాల్లో పదమూడు తరగతులు పొందినవారిలో మరణం, మళ్లీ గుండెపోటు వంటి తీవ్ర ఘటనలు 6.7 శాతం, సలహాలు మాత్రమే పొందినవారిలో 7.4 శాతం, ఈ తేడా యాదృచ్ఛికమయ్యే అవకాశాన్ని గణాంకాలు తోసిపుచ్చలేదు. రోగులు తమ ఆరోగ్యం బాగుందని చెప్పడంలో, పాత పనుల్లోకి తిరిగి వెళ్లడంలో మాత్రం మెరుగు స్పష్టంగా ఉంది. యోగా గుండెపోటును ఆపుతుందని ప్రచారం చేసేవారూ, అదంతా వట్టిదని కొట్టిపారేసేవారూ ఇద్దరూ ఈ ఫలితాన్ని సగమే చదువుతున్నారు. చాప పరిచినంత చోటులో చేయగల వ్యాయామం ఉత్తర కోల్‌కతా ఇరుకు ఇళ్లకు నప్పుతుంది. జూలై, ఆగస్టుల్లో వీధుల్లో నీళ్లు నిలిచినప్పుడు, మే నెల ఉక్కలో, చలికాలపు ఉదయం పొగమంచుతో కలిసి కాలుష్యం నేలకు దిగినప్పుడు నడకకు ప్రత్యామ్నాయమూ అవుతుంది. రవీంద్ర సరోవరం చుట్టూ, మైదానంలో తెల్లవారుజామునే నడవమని డిసెంబరులో చెప్పే యాప్, ఆ రోజు గాలి నాణ్యత సూచీని కూడా చూసి చెప్పాలి; ఆ సూచీ ఎలాగూ ప్రభుత్వమే బహిరంగంగా ప్రకటిస్తోంది. నడక బృందాలకు, రక్తపోటు కొలిచే యంత్రం ఒకటి ఉమ్మడిగా ఉంచుకోవడానికి కోల్‌కతా ప్రతి పాడాలోనూ, అంటే పేటలోనూ, ఉన్న క్లబ్బు కన్నా సిద్ధంగా ఉన్న చోటు దొరకదు. దుర్గాపూజకు లక్షలు పోగుచేయగల ఆ సంఘాలు ఏడాది పొడవునా వారానికి మూడు సాయంత్రాలు పది కుర్చీలు వేయలేవా అన్నది సాంకేతికత తేల్చే విషయం కాదు.

రోగి ఇంటి నుంచి వచ్చే సమాచారం పెరిగేకొద్దీ దాన్ని చూసే బాధ్యత ఎవరిదన్న ప్రశ్న గట్టిపడుతుంది. రాత్రి రెండు గంటలకు గడియారం లయ తప్పిందని హెచ్చరిస్తే, అది ఎవరి ఫోనులో మోగాలి? చూసేవారు లేని హెచ్చరిక రోగికి తప్పుడు భరోసా ఇచ్చి, ఆసుపత్రికి పరుగెత్తాల్సిన గంటలో ఇంట్లో కూర్చోబెడుతుంది. అందువల్ల ఛాతీలో బరువు, చెమట, స్పృహ తప్పడం, పడుకుంటే ఊపిరి ఆడకపోవడం వంటి లక్షణాలకు యాప్‌ను సంప్రదించనే కూడదని, నేరుగా ఆసుపత్రికి వెళ్లాలని మొదటి రోజే చెప్పాలి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలకు మించి బరువు పెరగడం, కాళ్ల వాపు, మందు మానడం, దిగులు వంటి నిదానమైన సంకేతాలే దూర పర్యవేక్షణకు తగినవి. గుండెపోటు తర్వాత దాదాపు ఐదుగురిలో ఒకరికి తీవ్రమైన కుంగుబాటు కలుగుతుందని వైద్య సాహిత్యం చెబుతున్నా, ఫోనులో నిద్ర గురించి రెండు ప్రశ్నలు అడిగే కార్యక్రమాలు అరుదు. దాంపత్య జీవితం తిరిగి ఎప్పుడు మొదలుపెట్టవచ్చన్న ప్రశ్న ఇంకా అరుదుగా వినబడుతుంది, రోగి అడగడు, వైద్యుడు చెప్పడు. ముఖాముఖి సిగ్గుపడే ఈ విషయంలో ముందుగా రికార్డు చేసిన గొంతు మనిషికన్నా నయం కావచ్చు. ఇలాంటి సమాచారం ఇంట్లో పంచుకునే ఫోనులోంచి, అక్కడి నుంచి మందుల అమ్మకందారులకో బీమా కంపెనీలకో జారిపోకుండా చూడటానికి 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఒక ఆధారం; రోగి సమ్మతిని అతనికి అర్థమయ్యే భాషలో తీసుకోవడం మాత్రం ఆసుపత్రి సిబ్బంది చేయాల్సిన పని.

ఈ సిబ్బందికి జీతం ఎక్కడి నుంచి వస్తుందన్నది చివరిదే అయినా చిన్న ప్రశ్న కాదు. 2016 డిసెంబరులో మొదలైన స్వాస్థ్య సాథీ పథకం కింద బెంగాల్ కుటుంబానికి ఏడాదికి ఐదు లక్షల రూపాయల దాకా ఆసుపత్రి చికిత్సకు రక్షణ ఉంది. తెలుగునాట ఆరోగ్యశ్రీ అంతకు ముందే మొదలైంది. ఇలాంటి పథకాలు చికిత్సకు ప్యాకేజీగా వెలకట్టి ఆసుపత్రికి డబ్బు చెల్లిస్తాయి. స్టెంటు ప్యాకేజీకే పన్నెండు వారాల పునరావాసాన్ని జతచేసి, అందులో కొంత మొత్తాన్ని పన్నెండో వారం ఆరు నిమిషాల నడక పరీక్ష ఫలితం నమోదయ్యాకే విడుదల చేసే పద్ధతి పెట్టడం పాలనాపరంగా కష్టమైన సంస్కరణ ఏమీ కాదు. అప్పుడు ఒక్కో పెద్ద ఆసుపత్రి ఇద్దరు నర్సులను, ఒక ఫిజియోథెరపిస్టును, బెంగాలీ, హిందీ, ఉర్దూ, తెలుగు మాట్లాడగల ఇద్దరు ముగ్గురు ఆరోగ్య కార్యకర్తలను ఈ పనికే కేటాయించగలుగుతుంది. సిలిగురి, బాంకురా, ఖరగ్‌పూర్‌లలోని ఆసుపత్రుల్లో నెలకోసారి ముఖాముఖి పరీక్ష జరిపితే, మిగతా వారాలకు ఫోను చాలు.